వచ్చుండాడు, వచ్చినాడు: ప్రెజెంట్ పర్ఫెక్ట్ పట్టుబడిన ఒక కేస్

బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే. వాళ్లలో ఒకమ్మాయి కేస్ ఇది. ఆమెకు చెప్పి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, కంపెనీ రాయను. వయసు 27. సొంతూరు పలమనేరు దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంజనీరింగ్. మూడేళ్లుగా ఒకే టీమ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్.

మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే, ఏం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పింది. కంపెనీలోనే పైస్థాయి పోస్టు ఒకటి ఖాళీ అయితే అప్లై చేసింది. బ్రిటన్‌లో ఉండే మేనేజర్ వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేశాడు. నీ గురించి చెప్పమంటే ఈమె "ఐ వర్క్డ్ ఇన్ దిస్ టీమ్ ఫర్ త్రీ ఇయర్స్" అంది. ఆయన "అండ్ వేర్ ఆర్ యూ నౌ?" అన్నాడు. ఊరి పేరు అడుగుతున్నాడనుకుని "బెంగళూరు" అని చెప్పింది. ఆయన "నో, విచ్ టీమ్?" అన్నాడు. అదే టీమ్ అని ఇప్పుడే చెప్పాను కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నాడని ఈమెకు టెన్షన్ మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలకు గొంతు పెగల్లేదు. పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది.

"నేనేం తప్పు మాట్లాడినా మేడమ్? గ్రామర్ కరెక్టే కదా?" అని అడిగింది.

గ్రామర్ కరెక్టే. అర్థమే వేరు. ఆమె అన్న వాక్యానికి ఇంగ్లిష్ చెవికి అందేది 'ఆ టీమ్‌లో మూడేళ్లు పనిచేశాను, ఇప్పుడు లేను' అని. ఆయన అడిగిన ప్రశ్నలో వింత ఏమీ లేదు. చెప్పాల్సింది "ఐ హావ్ వర్క్డ్" లేదా "ఐ హావ్ బీన్ వర్కింగ్". ఇలా హావ్ లేదా హాజ్ చేర్చి, జరిగినదాన్ని ఇప్పటితో ముడిపెట్టి చెప్పే రూపాన్నే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటారు. ఆ ఒక్క 'హావ్' లేకపోవడం వల్ల, ఉన్న ఉద్యోగం ఊడిపోయినట్టు వినపడింది.

మరి 'వర్క్డ్' అని ఎందుకంది? అది తెలుసుకోవడానికి ఇంకాస్త తవ్వాల్సి వచ్చింది. అంతకు ఏడాది ముందు ఏదో ట్రైనింగ్‌లో ఆమె "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అంటే, అది తప్పని నలుగురిలో చెప్పారట. ఏది ఒప్పో మాత్రం చెప్పలేదు. అప్పటినుంచి ఆ వాక్యమంటేనే భయం పట్టుకుని, 'వర్క్డ్'ను ఆశ్రయించింది. నన్నడిగితే పాత తప్పే నయం. "సిన్స్ టూ ఇయర్స్" అన్నా ఎదుటివాళ్లకు విషయం అర్థమవుతుంది. మన ఆఫీసుల్లో సగంమంది అలాగే మాట్లాడతారు. కొత్తగా నేర్చుకున్న 'వర్క్డ్' మాత్రం వినేవాణ్ని పక్కదారి పట్టించింది. తప్పులన్నీ ఒక్కలాంటివి కావు. చెవికి ఎబ్బెట్టుగా ఉండే తప్పు ఒకటి, అర్థాన్ని మార్చేసే తప్పు ఒకటి. టీచరు ముందు పట్టుకోవలసింది రెండోదాన్ని.

మొదటి మూడు వారాలు

వారానికి రెండు సాయంత్రాలు, గంట చొప్పున కూర్చున్నాం. మొదటి మూడు వారాలు నేను చెప్పిన పద్ధతి పనిచేయలేదు. దాని గురించి కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే చాలా క్లాసుల్లో జరిగేది అదే.

బోర్డు మీద అడ్డగీత గీసి, కాలాన్ని దానిమీద గుర్తులుగా పెట్టాను. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్, నెవర్, సిన్స్, ఫర్: ఈ మాటలు కనిపిస్తే 'హావ్' వేయమన్నాను. ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇస్తే దాదాపు అన్నీ సరిగ్గా రాసేది. అదే సాయంత్రం, ఆఫీసులో ఏం జరిగిందో చెప్పమంటే మాత్రం రెండు నిమిషాల మాటల్లో 'హావ్' ఒక్కసారి కూడా వచ్చేది కాదు. వచ్చినప్పుడేమో రాకూడని చోట వచ్చేది. "ఐ హావ్ ఆల్రెడీ టోల్డ్ హిమ్ ఎస్టర్డే" అంది ఒకరోజు. ఆల్రెడీ ఉంది కాబట్టి హావ్ వేసింది, నేను చెప్పినట్టే చేసింది. వెనకాల వచ్చిన ఎస్టర్డేతో అది పొసగదని నా జాబితా ఆమెకు చెప్పలేదు.

ఇంకో చిక్కు స్కూలు నుంచే వెంట వచ్చింది. "ఐ హావ్ ఈటెన్" అంటే తెలుగులో ఏమిటని అడిగితే, తడుముకోకుండా "నేను తినియున్నాను" అంది. మన గ్రామర్ గైడ్లలో తరతరాలుగా ఉన్న అనువాదం ఇది. ఏ ఇంట్లోనూ ఎవరూ "నేను తినియున్నాను" అని అనరు. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నాను", అంతే. ఆ 'తిన్నాను' ఇంగ్లిష్‌లో ఒకచోట "ఐ ఏట్" అవుతుంది, ఇంకోచోట "ఐ హావ్ ఈటెన్" అవుతుంది. 'తినలేదు' కూడా అంతే: "డిడ్ నాట్ ఈట్", "హావ్ నాట్ ఈటెన్" రెండింటికీ అదే మాట. పక్కన 'ఇంకా' చేర్చి 'ఇంకా తినలేదు' అంటేనే రెండోది తేలుతుంది. తెలుగులో ఒక్క క్రియారూపం మోసే బరువును ఇంగ్లిష్ రెండు రూపాలకు పంచింది. పిల్ల తన నోట ఎన్నడూ పలకని 'తినియున్నాను'కి ముడిపెట్టి నేర్పితే, ఆ ఇంగ్లిష్ కూడా నోట పలకదు.

వినికిడి సంగతి కూడా ఉంది. రోజూ బ్రిటన్ వాళ్లతో కాల్స్ ఉన్నా వాళ్ల నోట విని ఎందుకు నేర్చుకోలేదని మొదట ఆశ్చర్యపోయాను. కారణం చిన్నదే. వాళ్లు "ఐ హావ్ సెంట్ ఇట్" అని విడదీసి అనరు, "ఐవ్ సెంట్ ఇట్" అంటారు. ఆ 'వ్' గాలిలో కలిసిపోతుంది. 'సెంట్' రెండు రూపాల్లోనూ సెంటే. ఇక ఆమెకు వినపడేది "ఐ సెంట్ ఇట్" ఒక్కటే. "హీజ్ గాన్" అంటే ఆ 'జ్' ఇజ్ కాదు, హాజ్ అని కూడా ఆమెకు అప్పటిదాకా తెలియదు. రెండు రోజులు వేరే పనేమీ పెట్టుకోకుండా ఇది ఒక్కటే చేశాం. నేను "ఐ సెంట్", "ఐవ్ సెంట్", "ఐ పుట్", "ఐవ్ పుట్" అని కలగాపులగంగా చదివేదాన్ని. 'వ్' వినపడితే ఆమె బల్ల మీద తట్టాలి. మొదటి రోజు ఊహించి తట్టింది. రెండో రోజు చివరికి విని తట్టింది.

ఫోన్

నాలుగో వారంలో ఒక సాయంత్రం క్లాసు మధ్యలో ఇంటి నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. ఊళ్లో ఏదో పొలం తగాదా, పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకునే రోజు. తీసుకోమన్నాను. గది చిన్నది, నేను ఎదురుగానే ఉన్నాను. ఆమె మాటలు ఇలా నడిచాయి:

"మా, పెదనాయన వచ్చుండాడా?... ఎప్పుడొచ్చినాడు?... అన్నం తినేసి పొయ్యినాడా, ఇంకా ఉండాడా?"

నా పెన్ను ఆగిపోయింది. నేను తెనాలి మనిషిని. మావైపు 'వచ్చాడు' ఒక్కటే. వచ్చి ఇక్కడే ఉన్నా వచ్చాడే, నిన్న వచ్చి వెళ్లిపోయినా వచ్చాడే. ఈమె నోట రెండు మాటలున్నాయి. ముందు 'వచ్చుండాడా?' అని అడిగింది: వచ్చి ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా అని. టైము అడగాల్సి వచ్చేసరికి 'ఎప్పుడొచ్చినాడు?' అని మారిపోయింది. 'ఎప్పుడు వచ్చుండాడు' అనలేదు. ఆ రెండు ప్రశ్నలనూ ఇంగ్లిష్‌లో పెడితే "హాజ్ హీ కమ్? వెన్ డిడ్ హీ కమ్?" అవుతాయి. మూడు వారాలుగా నేను గీతలు గీసి చెప్పాలని తంటాలు పడిన విషయాన్ని ఆ పిల్ల వాళ్లమ్మతో ఒక్క ఊపిరిలో అనేసింది.

ఫోన్ పెట్టేశాక ఆ రెండు మాటలూ బోర్డు మీద రాశాను. మొదట ఆమెకు మొహమాటం వేసింది. "అది మా ఊరి బాస మేడమ్, ఆఫీసులో అట్లా మాట్లాడను" అంది. ఆమె యాసను ఎత్తిచూపుతున్నాననుకుంది. అలా అనుకోవడానికి కారణం ఉంది. పలమనేరు మాట మాట్లాడితే నవ్వినవాళ్లు కాలేజీలో ఉన్నారు, ఇక్కడ ఆమె ఉండే పీజీ హాస్టల్లో కూడా ఉన్నారు. "నీకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ రాదని కదా వచ్చావు. నీకు పుట్టుకతోనే వచ్చు. రానిది నాకు" అన్నాను. మర్యాదకు అన్న మాట కాదది. తర్వాతి వారాలన్నీ ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను.

ఇంటి మాటలతో ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఎడమవైపు అమ్మతో అన్న మాట, కుడివైపు ఇంగ్లిష్. "ఆవు ఈనుండాది", "కరెంటు పొయ్యుండాది", "చిన్నోడు నిద్రపొయ్యుండాడు". ఆ పక్కన "ద కౌ హాజ్ కాల్వ్డ్", "ద పవర్ హాజ్ గాన్", "ద బాయ్ హాజ్ ఫాలెన్ అస్లీప్". ప్రతి దానికీ నోటితో ఒక తోక తగిలించమన్నాను: 'కాబట్టి ఇప్పుడు...' అని. కరెంటు పొయ్యుండాది, కాబట్టి ఇప్పుడు మోటార్ ఆడదు. చిన్నోడు నిద్రపొయ్యుండాడు, కాబట్టి ఇప్పుడు సద్దు చేయొద్దు. ఆ తోక సహజంగా అతికితే హావ్ వస్తుంది. ఆఫీసు మాటలకూ అదే పరీక్ష. "ఐ హావ్ లాస్ట్ మై ఐడీ కార్డ్" అంటే, కాబట్టి ఇప్పుడు గేటు దగ్గర ఆపేస్తారు. "ఐ లాస్ట్ మై ఐడీ కార్డ్ లాస్ట్ ఇయర్" అంటే అది పాత కథ, ఇప్పుడు మెడలో కొత్తది ఉంది.

ఈ రూపం లేని మా వైపు వాళ్ల మాటేమిటని అడగొచ్చు. మనిషి మీద కాకపోయినా వస్తువుల మీద మనకూ ఉంది. "తలుపు తీసి ఉంది", "గేటు వేసి ఉంది", "బట్టలు ఆరేసి ఉన్నాయి". ఎవరు ఎప్పుడు చేశారన్నది పక్కన పెట్టి, చేసిన పని ఫలితం ఇప్పుడు కళ్లముందు ఉందని చెప్పడం ఇది. ఇంగ్లిష్ పర్ఫెక్ట్ పుట్టిందీ ఇలాంటి చోటే. పాత ఇంగ్లిష్‌లో 'హావ్' అంటే నా దగ్గర ఉందని అర్థం. 'నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది' అనే తీరు నుంచే కాలక్రమంలో 'నేను ఉత్తరం రాశాను' అన్న అర్థం వచ్చింది. వెళ్లడం, రావడం లాంటి క్రియలకైతే అప్పట్లో హావ్ బదులు 'బి' వాడేవారు, "హీ ఈజ్ కమ్" అని. మన 'వచ్చి ఉండు' లాంటిదే. మూడో రూపానికి కూడా ఇదే దారి చూపించాను. రిటెన్ అంటే రాసిన, బ్రోకెన్ అంటే విరిగిన. గో, వెంట్, గాన్ అని స్కూల్లో పాటలా వల్లించిన ఆ మూడో మాటకు ఒక అర్థం ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. "హావ్ వెంట్" అనడం దాంతో చాలావరకు తగ్గింది.

కన్నడ కూడా కలిసొచ్చింది. మూడేళ్లు బెంగళూరులో ఉంది కాబట్టి పీజీ ఆంటీతో కన్నడ బాగానే మాట్లాడుతుంది. ఆంటీ వాళ్లాయన గురించి "ఊరిగె హోగిద్దారె" అంటుంది, అంటే ఊరెళ్లాడు, ఇంకా రాలేదు. జరిగిపోయిన ముచ్చట చెప్పేటప్పుడు 'హోదరు' అంటుంది. ఇదీ అదే తేడా.

వంతెన ఆగిపోయే చోటు

ఇక్కడ జాగ్రత్త కావాలి. 'వచ్చుండాడు', 'హ్యాజ్ కమ్' అచ్చంగా ఒకటి కావు. వాళ్ల ఊళ్లో "నిన్ననే వచ్చుండాడు" అంటే తప్పు కాదు. ఇంగ్లిష్‌లో "హీ హాజ్ కమ్ ఎస్టర్డే" కుదరదు. ముగిసిపోయిన టైము పేరు చెప్పగానే హావ్ తప్పుకోవాలి. టుడే, దిస్ వీక్ లాంటివి ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పరవాలేదు. "దిస్ మార్నింగ్" మధ్యాహ్నం దాకా హావ్‌తో నడుస్తుంది, మధ్యాహ్నం దాటాక మామూలు పాస్ట్ కావాలి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం బట్టీ పట్టించాను. దీనికి ఇంటి భాషలో ఆసరా లేదు.

సాధన చేయడానికి చోటు వాళ్ల ఆఫీసులోనే దొరికింది. పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగ్‌లో నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఏమైనా అడ్డంకులున్నాయా అని చెప్పాలి. నిన్నటి పని మామూలు పాస్ట్‌లో, ఇప్పటికి తేలింది హావ్‌తో. ముందురోజు రాత్రి నాకు వాయిస్ నోట్ పంపేది. "ఎస్టర్డే ఐ టెస్టెడ్ ద పేమెంట్ పేజ్. సో ఫార్ ఐ హావ్ ఫౌండ్ టూ బగ్స్. ద డెవలపర్ హాజ్ ఫిక్స్డ్ వన్." ఇందులో టైము చెప్పిన వాక్యం ఏదో, ఇప్పటి పరిస్థితి చెప్పిన వాక్యం ఏదో ఆమే విడదీసి చెప్పాలి. మొదట్లో తికమకపడేది. రెండు వారాలకు నేను అడగకముందే "ఇది వచ్చినాడు, ఇది వచ్చుండాడు" అని గుర్తుపెట్టి పంపింది. ఆ గుర్తులే మా మధ్య గ్రామర్ పేర్లయ్యాయి.

నుంచి

ఇంటర్వ్యూలో తడబడిన వాక్యానికి ఇది సరిపోదు. అక్కడి చిక్కు వేరు, 'నుంచి'ది. "మూడేండ్ల నుంచి చేస్తా ఉండా" అన్నప్పుడు మనకు అది వర్తమానమే, అందుకే "ఐ యామ్ వర్కింగ్" అని వస్తుంది. పైగా మన 'నుంచి' అటు సిన్స్‌కీ ఇటు ఫర్‌కీ పనికొస్తుంది. దీనికి నేను చాలాకాలంగా వాడుతున్న పరీక్ష ఒకటుంది. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. "మూడేళ్లుగా చేస్తున్నాను" అతుకుతుంది, కాబట్టి ఫర్. "2021గా చేస్తున్నాను", "సోమవారంగా చేస్తున్నాను" అతకవు, కాబట్టి సిన్స్. తెలుగు చెవి ఉన్నవాళ్లకు ఈ పరీక్ష క్షణం కూడా పట్టదు. ఆమె ఒక్క క్లాసులో పట్టేసింది. 'హావ్ బీన్' నోటికి అలవాటు కావడానికి మాత్రం నెల పట్టింది, టెన్షన్‌లో పాత 'ఐ యామ్' పైకి వచ్చేస్తూ ఉండేది.

బీన్, గాన్ తేడాను పీజీ ఆంటీ మాటతోనే దాటించాం. "హీ హాజ్ గాన్ టు లండన్" అంటే హోగిద్దారె, ఇంకా అక్కడే ఉన్నాడు. "హీ హాజ్ బీన్ టు లండన్" అంటే ఎప్పుడో ఒకసారి వెళ్లొచ్చాడు. టీమ్‌మేట్ లండన్ వెళ్లి ఉండగా ఈమె "హాజ్ బీన్" అని మెయిల్ పెడితే, తిరిగొచ్చాడనుకుని అవతలివాళ్లు అతనికి మీటింగ్ పెట్టారట.

ఎనిమిదో వారంలో కొంచెం కోపంగా వచ్చింది. అమెరికా నుంచి ఒకాయన కాల్‌లో "డిడ్ యూ ఈట్ యెట్?" అన్నాడట. "యెట్ ఉంటే హావ్ రావాలన్నారు కదా మేడమ్?" అని నిలదీసింది. అమెరికన్లు మాటల్లో యెట్, ఆల్రెడీ, జస్ట్‌లతో మామూలు పాస్ట్ వాడతారు. అది వాళ్ల ఇంగ్లిష్‌లో తప్పు కాదు. నువ్వు హావ్‌తో జవాబు చెప్పు, వాళ్లకు బాగానే అర్థమవుతుందని చెప్పాను. నాకు సంతోషం వేసింది. నెల కిందట ఆ 'డిడ్' ఆమె చెవికి ఆనేది కాదు.

ఇప్పుడు

పది వారాలు పూర్తయ్యాయి. తప్పులు మిగిలే ఉన్నాయి. కంగారుపడితే "ఐ హావ్ సెంట్ ఎస్టర్డే" ఇప్పటికీ వస్తుంది. వెంటనే నాలుక్కరుచుకుని "ఐ సెంట్" అని దిద్దుకుంటుంది. దిద్దుకోవడం మొదలైందంటే చెవి తెరుచుకుందని నా లెక్క. ఇక మిగిలింది వాడుక. ఈలోపు కంపెనీలో అలాంటిదే ఇంకో పోస్టు వచ్చింది. ఈసారి "ఐ హావ్ బీన్ ఇన్ దిస్ టీమ్ ఫర్ త్రీ ఇయర్స్" అంది. అవతలివాళ్లు "అండ్ వాట్ హావ్ యూ ఎంజాయ్డ్ మోస్ట్?" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. ఆ పోస్టు ఫలితం ఇంకా రాలేదు.

నా పద్ధతిలో ఒకటి మారింది. ఇప్పుడు కొత్తగా ఎవరు వచ్చినా మొదటి వారం ఇంగ్లిష్ పుస్తకం తెరవను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎలా మాట్లాడతారో అలా నాతో పది నిమిషాలు మాట్లాడమంటాను, నేను రాసుకుంటాను. నరసరావుపేట అబ్బాయికి 'తలుపు తీసి ఉంది' దగ్గర మొదలుపెడతాను. మదనపల్లె అమ్మాయి అయితే 'వచ్చుండాడు' దొరికేదాకా ఆగుతాను.

పోయిన శనివారం ఆమె ఊరెళ్లింది. రాత్రి పదకొండింటికి వాయిస్ నోట్ వచ్చింది. వెనకాల కుక్కలు మొరుగుతున్నాయి, ఎవరో గేటు తీస్తున్న చప్పుడు. "మేడమ్, ఐ హావ్ రీచ్డ్. బస్ స్టాప్డ్ అట్ ముళబాగిలు ఫర్ వన్ అవర్. పెదనాయన హాజ్ కమ్ టు పిక్ మీ అప్." 'బస్' ముందు 'ద' లేదు. దాని సంగతి మంగళవారం చూసుకుంటాం.